చుక్క పడింది సరే, నీళ్లు పడ్డాయా?

గ్రామీణాభివృద్ధి మీద సమీక్ష ఎక్కడ జరిగినా ఈమధ్య గోడ మీద ఒక పటం వెలుగుతూ ఉంటుంది. జిల్లాలు రంగుల్లో, పనులు చుక్కల్లో కనిపిస్తాయి. ఆకుపచ్చ అంటే అభివృద్ధి జరిగినట్టు, ఎరుపంటే ఇంకా జరగాల్సినట్టు. చుక్క మీద నొక్కితే ఫొటో వస్తుంది, ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట. ‘ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి? కాగితం మీద చెరువు తవ్వేసి బిల్లు ఎత్తుకునే రోజులు పోయాయి’ అంటారు. అధికారులు అంటారు, ఆర్థికవేత్తలు అంటారు, పత్రికల సంపాదకీయాలూ అంటున్నాయి. పటం అబద్ధం చెప్పదన్నది ఇవాళ దాదాపు అందరూ ఒప్పుకున్న మాట.

నేను ఒప్పుకోను. పటం అబద్ధం చెబుతుందని నా వాదన కాదు. మనం అడగని ప్రశ్నకు అది జవాబు చెబుతుంది, ఆ జవాబును తెచ్చి మనం అడిగిన ప్రశ్నకు అతికిస్తున్నారు. ‘ఇక్కడ ఒక కట్టడం ఉందా’ అన్నంతవరకే పటానికి తెలుసు. ‘ఈ ఊరు బాగుపడిందా’ అని మనం అడుగుతున్నాం.

ముందు ఒప్పుకోవలసినవి ఒప్పుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేసే పని చిన్నది కాదు. కరువు ఎక్కడ ముంచుకొస్తోందో, వరద ఎంత మేర కమ్ముకుందో ఆ చిత్రాలు చెప్పినంత తొందరగా ఏ తహసీల్దారూ చెప్పలేడు. వాటర్‌షెడ్ పనుల్లో గుట్ట మీది నుంచి లోయ దాకా వాన నీరు ఏ దారిన పోతుందో చూసి కందకాలు ఎక్కడ తవ్వాలో, ఊటకుంట ఎక్కడ పెట్టాలో తేల్చడానికి పటాన్ని మించిన సాధనం లేదు. ఇస్రో ‘భువన్’ వేదిక 2009లో వచ్చింది. 2016 సెప్టెంబరు నుంచి ఉపాధి హామీ ఆస్తులకు దాని మీద చుక్కలు పెట్టడం మొదలైంది. 2017 నవంబరు నుంచి పనికి ముందు, పని నడుస్తుండగా, పని అయ్యాక అని మూడు విడతల ఫొటోలు తీయాలన్నారు. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ ఇళ్లకూ అంతే, పునాది నుంచి శ్లాబు దాకా దశదశకూ ఫొటో, దాన్ని చూసి కిస్తీ. దీనివల్ల పూర్తిగా లేని కట్టడానికి బిల్లు పెట్టడం కష్టమైంది. ఈ మేలును కాదనేవాడు పల్లె పనుల చరిత్ర తెలియనివాడు.

అంతవరకే అయితే గొడవ లేదు. దొంగను పట్టడానికి తెచ్చిన సాధనాన్ని అభివృద్ధికి కొలబద్దగా మార్చారు, అక్కడే పేచీ.

చెరువును తీసుకోండి. మామూలు ఉపగ్రహ చిత్రానికి కనిపించేది నీటి పైముఖం, అంటే నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయన్నదే. లోతు కనిపించదు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నారు. అందులో ముఖ్యమైన పని పూడికతీత. పూడిక తీస్తే చెరువు లోతవుతుంది తప్ప వెడల్పు కాదు. నిజాయితీగా పూడిక తీసిన చెరువూ, పైపైన గీకి వదిలేసిన చెరువూ నిండిన రోజున పైనుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి. మొదటిదాంట్లో నీళ్లు ఎండాకాలంలోకి నిలుస్తాయి, కట్ట కింది బావుల్లో ఊట పెరుగుతుంది, ఒండ్రుమట్టి తోలుకున్న చేనుకు ఎరువు ఖర్చు తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కటీ నిండిన రోజు చూసే నీటి విస్తీర్ణం లెక్కలోకి రాదు.

దీనికి తలకిందులు సంగతి ఇంకొకటుంది. పూడిపోయిన చెరువులో సర్కారు తుమ్మ మొలుస్తుంది. నీళ్లు లేకపోయినా అది పచ్చగానే ఉంటుంది. మురుగు చేరిన చెరువును గుర్రపుడెక్క కమ్ముతుంది, అదీ పచ్చనే. పచ్చదనం సూచీ వేసే యంత్రానికి వరిమడి పచ్చదనానికీ, చచ్చిపోయిన చెరువు మీద మొలిచిన ముళ్లకంప పచ్చదనానికీ తేడా తెలియాలంటే ఎవరో ఒకరు ఆ ఊరికి వెళ్లి చూసి రావాలి. కొండ మీద జొన్న, సామ, కంది కలిపి వేసుకునే చేను ఏడాదిలో సగం రోజులు ఎండిన గోధుమరంగులో ఉంటుంది. అదే నేలలో జామాయిల్ నాటితే ఏడాది పొడుగునా పచ్చన. ఆ ఇంట్లో తిండిగింజలు పోయి కలప డబ్బులు వచ్చాయన్నది మంచో చెడో వేరే చర్చ. పటం మాత్రం దాన్ని సూటిగా ప్రగతి కింద జమ చేస్తుంది.

ఇక తూము. చెరువు బాగుందో లేదో తూము దగ్గర తెలుస్తుంది, ఆయకట్టు చివరి మడిలో తెలుస్తుంది. నీరటి ఎవరి పొలానికి ముందు నీళ్లు వదులుతాడు, చివరనున్న దళితుల చేలకు వంతు వస్తుందా రాదా అన్నది ఏ కక్ష్య నుంచి చూసినా కనబడే విషయం కాదు. ‘ఇంకా స్పష్టమైన చిత్రాలు వస్తున్నాయి, అర మీటరు వస్తువు కూడా కనబడుతుంది, కృత్రిమ మేధ అన్నీ పసిగడుతుంది’ అంటారు. అర మీటరు కాదు, అంగుళం కనబడినా చివరి మడికి అన్యాయం జరిగిందని తెలియదు. అది చూపు చాలక తెలియని సంగతి కాదు. అడిగితేనే తెలిసే సంగతి.

రాత్రి వెలుగుల మీద మోజు మరీ విచిత్రం. చీకట్లో ఊళ్లు ఎంత వెలుగుతున్నాయో ఉపగ్రహం కొలిస్తే, అంత ఆర్థిక ప్రగతి అని తేల్చేస్తున్నారు. దేశాల మొత్తం ఉత్పత్తిని అంచనా కట్టడానికి, లెక్కలు సరిగా లేని చోట్ల ఇది పనికొచ్చిందన్న మాట నిజమే. కానీ ఊరి దాకా దింపేసరికి ఏమవుతుంది? ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రాత్రి చిత్రాలు తీసే ఉపగ్రహం మన నెత్తిమీదికి వచ్చేది సుమారు రాత్రి ఒకటిన్నరకు. ఆ వేళకు ఏ పల్లె దీపాలు పెట్టుకుని కూర్చుంటుంది? ఆ చిత్రంలో ఒక్కో చుక్క ముప్పావు కిలోమీటరు నేల. వ్యవసాయ మోటారు నీళ్లు తోడుతుందే కాని వెలగదు. రామగుండంలో థర్మల్ కేంద్రం వెలుగుతుంది. దాని బూడిద వచ్చి పడే ఊళ్లు కూడా ఆ వెలుగులో కలిసి అభివృద్ధి చెందినట్టే కనిపిస్తాయి.

కరెంటు విషయంలో మనకు పాత పాఠం ఒకటుంది. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లీసాంగ్‌తో దేశంలో ఊరూరికీ విద్యుత్తు చేరిపోయిందని కేంద్రం ప్రకటించింది. పటం మీద ఎర్రచుక్క లేకుండా పోయింది. అయితే ఊరికి కరెంటు వచ్చినట్టు లెక్కించడానికి పెట్టుకున్న నిర్వచనం ఏమిటి? ట్రాన్స్‌ఫార్మరూ లైన్లూ ఉండాలి, బడి, పంచాయతీ లాంటి చోట్లకు కనెక్షన్ ఉండాలి, ఇళ్లలో పదో వంతుకు ఉంటే చాలు. పది శాతం! తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా నూరిళ్ల ఊరు ఆకుపచ్చే. ఆ ప్రకటనకు కొన్ని నెలల ముందే, 2017 సెప్టెంబరులో, ఇంటింటికీ కరెంటు ఇవ్వడానికి సౌభాగ్య పథకం మొదలుపెట్టాల్సి వచ్చింది. దాని కింద రెండున్నర కోట్లకు పైగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. వాటిలో చాలా ఇళ్లు ‘వెలిగిన’ ఊళ్లలోనే చీకట్లో ఉన్నాయన్నమాట.

మరుగుదొడ్ల కథా ఇంతే. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమైందని ప్రకటించారు. పదికోట్లకు పైగా దొడ్లు కట్టారు, ఫొటోలు తీసి పటం మీద పెట్టారు. అటూఇటుగా ఆ రోజుల్లోనే, 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం దేశం మొత్తం మీద 19 శాతం ఇళ్లవాళ్లు ఏ మరుగుదొడ్డీ వాడడం లేదని తేలింది. సర్వేలో కొంత భాగం ప్రకటనకు ముందే జరిగింది, అది ఒప్పుకోవాలి. అయినా సున్నాకూ పంతొమ్మిదికీ మధ్య తేడాను ఆ కొద్ది నెలలు పూడ్చవు. దొడ్డి ఫొటో చూసి అలవాటు మారిందనడం పెళ్లి ఫొటో చూసి కాపురం బాగుందనడం లాంటిది. కుళాయిల సంగతీ అదే. జలజీవన్ మిషన్ కింద 2022లో కేంద్రమే చేయించిన పరిశీలనలో పూర్తిగా పనిచేస్తున్న కుళాయి కనెక్షన్లున్న ఇళ్లు 62 శాతమేనని వచ్చింది. తగినన్ని నీళ్లు, తాగదగ్గ నీళ్లు, వేళకు వస్తున్నాయా అని ఇంటికి వెళ్లి అడిగారు కాబట్టి ఆ అంకె వచ్చింది. పటాన్ని అడిగితే కుళాయి ఉందనే చెప్పేది. ఈ పరిశీలన చేయించినందుకు కేంద్రాన్ని మెచ్చుకోవాలి. దాన్ని పక్కనబెట్టి చుక్కలే చూపించుకుంటున్నందుకు తప్పుపట్టాలి.

ఇప్పటివరకు చెప్పినవి పటం చూడలేనివి. దాని కంటికే ఆనని ఊళ్లు కూడా ఉన్నాయి.

మన పటాలకు ఆధారం రెవెన్యూ గ్రామం. జనాభా లెక్కలు దాని పేరిటే, హద్దుల రేఖ దానిదే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గాని, అనకాపల్లి, విజయనగరం జిల్లాల కొండవార మండలాల్లో గాని జనం నివసించేది రెవెన్యూ గ్రామాల్లో కాదు, గూడేల్లో. పదిళ్లు, ఇరవై ఇళ్లు, ముప్పై ఇళ్లు. గెడ్డ దాటి ఒకటి, గుట్ట ఎక్కి ఇంకొకటి. వాటికి విడిగా హద్దురేఖ లేదు, విడిగా అంకె లేదు. రెవెన్యూ గ్రామానికి తారురోడ్డు పడితే ఆ గ్రామం మొత్తానికి రంగు మారుతుంది. దాని కింద ఉన్న గూడేల్లో నిండు చూలాలిని డోలీ కట్టి మోస్తూనే ఉంటారు. ఏటా వానాకాలంలో ఆ డోలీ వార్తలు జిల్లా పేజీల్లో మనం చదువుతూనే ఉన్నాం. రోడ్డు లెక్క తప్పా? తప్పు కాదు. రోడ్డు నిజంగానే ఉంది, గూడెమే లెక్కలో లేదు.

ఇది ఊరికే జరిగిన పొరపాటు కూడా కాదు. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు మైదానంలో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాలకే రోడ్డు అని గీత పెట్టారు. గీతకు కింద ఉన్నవి లక్ష్యంలో లేవు. లక్ష్యంలో లేనివి పటంలో లోటుగా కనబడవు. ‘నూటికి నూరు శాతం పూర్తి’ అన్న మాట అలా పుడుతుంది. 2023లో పీఎం జన్‌మన్ వచ్చాక కొండరెడ్డి, చెంచు, గదబ లాంటి బాగా వెనకబడ్డ తెగల ఆవాసాలకు ఆ గీత వంద దాకా దిగింది. మంచిదే. వందలోపు జనం ఉన్న గూడెం సంగతేమిటని అడిగితే సమాధానం లేదు.

తెలంగాణలో 2018లో చాలా తండాలనూ గూడేలనూ పంచాయతీలు చేశారు. సుమారు 8,700 ఉన్న పంచాయతీలు 12,700 దాటాయి. ఒక్క రాత్రిలో వేల ఆవాసాలకు సొంత చుక్క వచ్చింది. అంతకు ముందురోజు దాకా ఆ తండా కష్టం పెద్దూరి సగటులో కరిగిపోయి ఉంది. తండావాసులు దశాబ్దాల పాటు ‘మా తండాలో మా రాజ్యం’ అని అడిగితే వచ్చిన మార్పు ఇది. ఏ ఉపగ్రహమూ కనిపెట్టి చెప్పలేదు.

జిల్లాల రంగులు ఇంకా పెద్ద మాయ. 2018లో కేంద్రం వెనకబడ్డ జిల్లాలను ఏరి ఆకాంక్షిత జిల్లాలు అని పేరుపెట్టినప్పుడు అందులో విశాఖపట్నం ఉంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, ఐటీ గుట్టలున్న జిల్లా! కారణం అదే జిల్లాలో ముంచంగిపుట్టు, పెదబయలు లాంటి ఏజెన్సీ మండలాలు కూడా ఉండడం. 2022 ఏప్రిల్ 4న ఏజెన్సీని విడదీసి పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా చేశారు. ఏప్రిల్ 3కూ 5కూ మధ్య ఏ ఇంట్లోనూ కుండలో బియ్యం పెరగలేదు, తగ్గలేదు. పటంలో మాత్రం ఒకే రంగు రెండు రంగులైంది. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో తెలంగాణలో ముందు వరసన ఉంటుంది, గచ్చిబౌలి పుణ్యమా అని. ఆ రంగు కిందే మంచాల, మాడ్గుల రైతులూ ఉన్నారు. 2016 నుంచి తెలంగాణలో జిల్లాలు పది నుంచి ముప్పై మూడయ్యాయి, ఆంధ్రలో 2022లో పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. పదేళ్ల కిందటి రంగునూ ఇవాళ్టి రంగునూ పక్కపక్కన పెట్టి ‘చూశారా ప్రగతి’ అనేవారు, హద్దులు ఎక్కడ జరిగాయో ముందు చెప్పాలి.

పంట నమోదు గురించి ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ కోసం చేను ఫొటో తీసి, ఎక్కడుందో నమోదు చేస్తారు. చేను ఎక్కడుందో మీటర్ల లెక్కన సరిగ్గా తెలుస్తుంది. ఆ చేను దున్నుతున్న కౌలురైతు మాత్రం దొరకడు. 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం కౌలురైతుకు సాగుదారు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టని యజమానులే ఎక్కువైనచోట, బీమా, నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడతాయో పల్లెలో అందరికీ తెలుసు. ఈ సమస్యను ఇంకో ఉపగ్రహం తీర్చదు.

ఈ పటాలకు ఖర్చెంత అని అడిగితే ‘చాలా చవక’ అంటారు. ఎవరికి చవక? ఢిల్లీలో తెర ముందు కూర్చున్నవారికి. ఉపాధి కూలీకి ఎంత పడుతోందో చూడండి.

2021 మేలో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో దాదాపు అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. పని జరిగే చోటే రోజుకు రెండుసార్లు, స్థలం గుర్తుతో సహా కూలీల ఫొటో ఎక్కించాలి. ఇప్పుడు మన ఊళ్లలో ఎండాకాలపు పని ఎలా నడుస్తుందో గుర్తు చేసుకోండి. పొద్దున ఐదింటికే గడ్డపార, తట్ట పట్టుకుని బయలుదేరతారు. ఎండ ముదరకముందే, పదీ పదకొండింటికల్లా, ఇంటికి చేరతారు. వాళ్ల కూలి గంటల లెక్కన కాదు, కొలత లెక్కన. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి గుంట పొడుగు, వెడల్పు, లోతు కొలిచి ఎంత మట్టి తీశారో దాన్నిబట్టి కూలి కడతాడు. పని కొలతతో అయిపోయే చోట రెండో ఫొటో దేనికి? ఆ ఫొటో కోసం నలభై నాలుగు డిగ్రీల ఎండలో మళ్లీ రావాలి, లేదా అక్కడే పడి ఉండాలి. సిగ్నల్ అందకపోతే ఫొటో ఎక్కదు. ఎక్కకపోతే మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఆ రోజు ఉండదు. మట్టి తీసిన గుంట కళ్లెదుట ఉంటుంది, దాని కొలతలు పుస్తకంలో ఉంటాయి, కూలి మాత్రం పడదు. ఫోను పనిచోట హాజరు చూసే మేటుది, డేటా ఖర్చు మేటుది, మాట పడేదీ మేటే. 2023 ఫిబ్రవరి నుంచి కూలీలు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నది ఈ యాప్ మీద కోపం కూడా కలిసే.

పోనీ దొంగతనం ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన లేఖలో ఆ యాప్‌ను ఎన్నెన్ని రకాలుగా వంచిస్తున్నారో ఏకరువు పెట్టింది. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు. ఒకే ఫొటో పలు మస్టర్లకు పెడుతున్నారు. ఫొటోలో ఉన్నవారికీ మస్టరులో ఉన్నవారికీ పొంతన లేదు. అన్నిటికంటే తమాషా, ఫొటోకు ఫొటో తీయడం! ఒక ఫోనులో ఉన్న పాత బొమ్మను ఇంకో ఫోనుతో పని చోట నిలబడి తీస్తే, స్థలం గుర్తు సరిగ్గానే పడుతుంది. యంత్రానికి తృప్తి. ఆ లేఖలో చెప్పిన విరుగుడు ఏమిటంటే, పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషే కళ్లతో సరిచూడాలి. మనిషిని నమ్మలేక యంత్రాన్ని తెచ్చారు. యంత్రాన్ని సరిచూడడానికి తిరిగి అదే మనిషిని కూర్చోబెట్టారు. మధ్యలో కూలి పోగొట్టుకున్నది ఎవరు?

అక్కడితోనైనా బుద్ధి వస్తుందనుకుంటే, 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు తెచ్చిన కొత్త చట్టం పని రోజులను 125కు పెంచుతూనే, జీపీఎస్, బయోమెట్రిక్ నిఘాను చట్టంలోకే ఎక్కించింది.

‘మరి పటం లేనప్పుడు దొంగ మస్టర్లు లేవా?’ అని అడుగుతారు. ఉన్నాయి. కావలసినన్ని ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి మనమే ఒక దారి కనిపెట్టాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ దేశానికి మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. వాటికోసం 2009లో విడిగా ఒక సంస్థే ఏర్పడింది. తర్వాత మిగతా రాష్ట్రాలు ఇక్కడికొచ్చి చూసి నేర్చుకున్నాయి. తనిఖీలో ఏం చేసేవారు? కూలీల ఇళ్లలోంచే చదువుకున్న పిల్లలను తీసుకుని, మస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. ‘అమ్మా, ఫలానా వారం ఫలానా చోట పనికి వెళ్లావా? ఎంత ముట్టింది?’ అని అడిగేవారు. గుంట దగ్గరికి వెళ్లి టేపుతో కొలిచేవారు. చివర మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుట పేరుపేరునా చదివేవారు. చచ్చిపోయినవాళ్ల పేర కూలి ఎత్తారని ఆ వేదికల మీదే బయటపడింది.

సామాజిక తనిఖీలో లోపాలు లేవని నేను చెప్పను. పట్టుకున్న సొమ్ములో వసూలైంది కొంతే. చాలామంది సస్పెండై తిరిగొచ్చారు. కొన్నిచోట్ల తనిఖీదారుల్నే మేపారు. అయినా ఒక తేడా చూడండి. ప్రజావేదికలో లెక్క ఊరికి వినబడేది. వినబడింది కాబట్టి ఎవరో ఒకరు లేచి ‘తప్పు’ అనగలిగేవారు. పటంలో సమాచారం ఊరి నుంచి పైకి పోతుంది, తిరిగి దిగిరాదు. తన ఊరి పంటకుంట చుక్క ఎక్కడ పడిందో, అది తప్పని ఎవరికి చెప్పాలో ఎంతమంది సర్పంచులకు తెలుసు? తెలిసినా దిద్దే బటను వాళ్ల చేతిలో ఉందా?

విదేశీ పరిశోధనలను ఉదహరించేవారికీ ఒక మాట. 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఐదు ఆఫ్రికా దేశాల్లో ఉపగ్రహ చిత్రాలతో పేదరికాన్ని అంచనా కట్టింది. ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య ఉన్న ఆర్థిక తేడాల్లో 75 శాతం దాకా పట్టుకోగలిగింది. గొప్ప పనే. అయితే ఆ యంత్రానికి చదువు చెప్పింది ఇంటింటి సర్వే. ఇళ్లలో కూర్చుని అడిగిన లెక్కలు లేకపోతే ఆ నమూనాకు పేదరికమంటే ఏమిటో తెలిసేది కాదు. పైగా ఈ ఊరికంటే ఆ ఊరు పేదదని చెప్పడం వేరు, ఇదే ఊరు ఐదేళ్లలో ఎంత బాగుపడిందో చెప్పడం వేరు. రెండోది చాలా కష్టం. మన సమీక్షల్లో మాత్రం రెండోదే అడుగుతారు.

మన దగ్గర ఆ సర్వేలకే దిక్కులేదు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు పోయింది. ఇవాళ్టికీ శాతాలకు కింద ఉండే అంకె 2011 నాటిదే. 2017-18 కుటుంబ వినియోగ సర్వేను, లెక్కల నాణ్యత బాగాలేదని చెప్పి, విడుదలే చేయలేదు. మనుషులను అడిగి రాసే లెక్కలు ఆగిపోయిన కాలంలోనే పటాలు, డాష్‌బోర్డులు ఇంతగా పెరగడం యాదృచ్ఛికమని నేననుకోను. సర్వేలో అప్రియమైన జవాబు రావచ్చు. పటంలో ఏ పొర చూపాలో చూపేవాడే ఎంచుకుంటాడు.

పటం జనం చేతికి వస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. గుజరాత్‌లోని నర్మదా జిల్లాలో ఆర్చ్ అనే సంస్థ తోడ్పాటుతో ఆదివాసులు జీపీఎస్ పరికరాలు తామే పట్టుకుని తమ చేలను కొలుచుకున్నారు. అటవీ హక్కుల చట్టానికి గడువైన 2005 డిసెంబరు 13కు ముందు నుంచే అక్కడ సాగు ఉందని ఉపగ్రహ చిత్రాలనే సాక్ష్యంగా చూపారు. అంతకుముందు అధికారులు అవే చిత్రాలు చూపి వాళ్ల దరఖాస్తులు కొట్టేశారు. ఒకే చిత్రం ఒకరి చేతిలో తిరస్కరణ, ఇంకొకరి చేతిలో హక్కు. ఉపగ్రహ చిత్రం ఒక్కటే చూసి దరఖాస్తు తోసిపుచ్చరాదని 2013లో గుజరాత్ హైకోర్టు చెప్పింది.

అంతకు ఏడాది ముందే కేంద్ర ప్రభుత్వం అటవీ హక్కుల నియమాలను సవరిస్తూ ఒక వాక్యం చేర్చింది. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు హక్కుదారు చూపిన సాక్ష్యానికి అదనంగా పనికిరావచ్చు, ఆ సాక్ష్యం స్థానంలో మాత్రం వాటిని నిలబెట్టరాదని దాని భావం. అడవిలో ఎకరం పోడుకు ఈ రక్షణ ఉంది. అదే ఆదివాసి ఉపాధి పనికి వెళితే లేదు, ఇల్లు కట్టుకుంటే లేదు, కుళాయి దగ్గర బిందె పెట్టుకుంటే లేదు.

అందుకే అడుగుతున్నాం. ఫొటో ఎక్కలేదని కొలత పుస్తకంలో ఉన్న కూలిని ఆపకండి. గూడేన్నీ తండానూ లెక్కకు యూనిట్‌గా తీసుకోండి. ప్రతి పంచాయతీ చుక్కలనూ అచ్చువేసి గ్రామసభ గోడకు అతికించండి, ఊరు తప్పు అన్నది దిద్దేదాకా ఆ ఊరికి ఆకుపచ్చ రంగు వేయకండి. 2012లో అటవీ హక్కులకు ఒప్పుకున్న ఆ ఒక్క వాక్యాన్ని గ్రామీణాభివృద్ధి పథకాలన్నిటి మార్గదర్శకాల్లో రాయండి.